రెండు పంక్తుల మరమ్మతు, శివారు దాకా ప్రయాణం

కంప్యూటర్ల భద్రత మాట ఎత్తగానే సామాన్య పాఠకుడి మనసులో ఒక చిత్రం మెదులుతుంది. చీకటి గదిలో కూర్చుని, పరుల యంత్రాల్లోకి చొరబడే అజ్ఞాత మేధావి ఒకవైపు, అతనిని వెంటాడే నిపుణుల దండు మరొకవైపు. సినిమాలు నాటిన చిత్రమిది. వాస్తవం తరచుగా ఇంతకంటె సాదాగా ఉంటుంది. లైనక్స్ కెర్నెల్‌లో ఇటీవలి కాలంలో బయటపడిన అత్యంత ప్రమాదకరమైన లోపాలలో ఒకటి ఏ వేటలోనూ దొరకలేదు. దిగుమతి చేసుకున్న ఫైలు తెరుచుకోవడం లేదని ఒక ఖాతాదారు చేసిన మామూలు ఫిర్యాదుతో అది వెలుగుచూసింది. ‘డర్టీ పైప్’ అన్న పేరుతో 2022 మార్చిలో ప్రపంచానికి తెలిసిన ఆ లోపానికి మరమ్మతు కేవలం రెండు పంక్తులు.

ఆ రెండు పంక్తులు రాయడానికి పట్టిన సమయం స్వల్పం. అవి కోట్లాది యంత్రాలకు చేరడానికి పట్టిన సమయం అలాంటిది కాదు. కాలువ కింద సేద్యం చేసేవారికి ఈ తేడా కొత్తది కాదు. తూము ఎత్తిన రోజునే నీళ్లు వదిలినట్టు అధికారులు లెక్క రాసుకుంటారు. శివారు ఆయకట్టు రైతుకు మాత్రం నీళ్లు తన మడిలోకి వచ్చిన రోజే వచ్చినట్టు లెక్క. కంప్యూటర్ లోపాల మరమ్మతు విషయంలోనూ ఈ రెండు తేదీల మధ్య ఉన్న దూరమే అసలు సమస్య. డర్టీ పైప్ ఉదంతం దానిని స్పష్టంగా చూపుతుంది.

కెర్నెల్ అంటే ఏమిటి?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం కెర్నెల్. ఏ ప్రోగ్రాముకు ఎంత జ్ఞాపకశక్తి ఇవ్వాలి, ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు దిద్దవచ్చు అన్నవి అది తేల్చి చెబుతుంది. దాని అనుమతి లేకుండా డిస్కు మీద ఒక్క అక్షరమైనా మారకూడదు. ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్ నేడు బ్యాంకుల సర్వర్లు మొదలుకొని ఇళ్లలోని ఇంటర్నెట్ రౌటర్ల వరకు విస్తరించింది. ప్రపంచంలో అత్యంత వేగవంతమైనవిగా లెక్కకట్టే 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి దీని మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ ఇదే కెర్నెల్. లైనక్స్ అన్న పేరు ఎన్నడూ వినని పల్లెటూరి గృహిణి సైతం, చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని వినియోగదారే.

కాబట్టి కెర్నెల్‌లో లోపం అంటే ఒక ప్రోగ్రాములోని లోపం వంటిది కాదు. ఇంట్లో ఒక గది తాళం చెడిపోతే నష్టం ఆ గదికే పరిమితం. తాళాలన్నీ తయారుచేసే చోటే పొరపాటు జరిగితే ఊరంతా జాగ్రత్త పడవలసి వస్తుంది.

చెడిపోయిన ఫైళ్ల కథ

జర్మనీలో వెబ్‌సైట్ల నిర్వహణ సేవలందించే సీఎం4ఆల్ సంస్థకు 2021 ఏప్రిల్ 29న ఒక ఫిర్యాదు వచ్చింది. ఖాతాదారులు తమ వెబ్‌సైట్‌ను ఎవరెవరు సందర్శించారో తెలిపే రోజువారీ చిట్టాలను దిగుమతి చేసుకునే వీలు ఆ సంస్థ కల్పించింది. ఏ రోజు చిట్టాను ఆ రోజు కుదించి భద్రపరుస్తారు. నెల మొత్తానికి కావాలని అడిగితే ఆ రోజువారీ ఫైళ్లను వరుసగా చేర్చి, ఒకే జిప్ ఫైలుగా అప్పటికప్పుడు అందిస్తారు. అలా దిగుమతి చేసుకున్న వాటిలో ఒకటి తెరుచుకోవడం లేదన్నది ఫిర్యాదు. ఆ సంస్థలో పనిచేసే మాక్స్ కెల్లర్మన్ పరిశీలించగా లోపలి సమాచారమంతా సక్రమంగానే ఉంది. సమాచారం చెదరలేదని నిర్ధారించేందుకు ఫైలు చివర ఉంచే సరిచూపు సంఖ్య మాత్రమే తప్పుగా ఉంది. ఆయన దానిని చేత్తో సరిదిద్ది ఫిర్యాదును ముగించారు.

మరికొన్ని నెలలకు అదే ఫిర్యాదు మళ్లీ వచ్చింది. ఆపైన మరోసారి వచ్చింది. యంత్రాలతో పనిచేసేవారు ఇటువంటి వేళ సాధారణంగా డిస్కు పాతబడిందనో, జ్ఞాపకశక్తి చిప్పు చెడిందనో సరిపెట్టుకుంటారు. కెల్లర్మన్ అలా సరిపెట్టుకోలేదు. చెడిన ఫైళ్లన్నిటినీ వెదికి తీసి పక్కపక్కన పెట్టి చూశారు. యాదృచ్ఛికంగా చెడిన వస్తువులు ఒకే తీరుగా చెడవు. ఇవి మాత్రం ఒకే తీరుగా చెడ్డాయి. ప్రతి ఫైలులోనూ చివరి 8 బైట్లే మారాయి. మారిన చోట ప్రతిసారీ అవే 8 బైట్లు వచ్చి కూర్చున్నాయి. పైగా చెడినవి ఎక్కువగా నెల చివరి రోజు చిట్టాలే.

ఆ 8 బైట్లు ఎక్కడివో తేలడంతో చిక్కు విడడం మొదలైంది. అవి జిప్ ఫైలు చివర ఉండే విషయసూచికలోని మొదటి 8 బైట్లు. ఆ విషయసూచిక ‘పి, కె’ అనే రెండు అక్షరాలతో ఆరంభమవుతుంది. జిప్ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. నెలలో ఆఖరి రోజు ఫైలును పంపిన వెంటనే జిప్ తయారుచేసే ప్రోగ్రాము ఈ సూచికను పంపుతుంది. ఖాతాదారు వద్దకు మాత్రమే వెళ్లవలసిన ఆ బైట్లు సంస్థ భద్రపరచుకున్న మూలఫైలులోకి ఎలా వెళ్లాయి? జిప్ తయారుచేసే ప్రోగ్రాముకు ఆ ఫైళ్లను చదివే అనుమతి మాత్రమే ఉంది, దిద్దే అనుమతి లేదు. ఇదే పని చేయడానికి సిద్ధంగా ఉంచిన రెండో సర్వరులో, జిప్ ఫైళ్లు తయారు కాని చోట, ఒక్క ఫైలూ చెడలేదు.

నేరం చేసే అవకాశం లేనివాడి చేతి ముద్రలే నేరస్థలంలో కనిపించినట్టయింది. అటువంటప్పుడు కావలివాడినే అనుమానించవలసి వస్తుంది. ఇక్కడ కావలివాడు కెర్నెల్. ప్రోగ్రాము రాసేవాడు తన తప్పును కెర్నెల్ మీదికి నెట్టడం వృత్తిలో మర్యాద కాదు. అన్ని దారులూ మూసుకుపోయాకే ఆ మాట అనాలి. కెల్లర్మన్ రెండు చిన్న ప్రోగ్రాములు రాసి చూశారు. ఒకటి ఫైలులో ఒక అక్షరాన్ని రాస్తూ పోతుంది. రెండోది ఆ ఫైలును చదివి, ‘పైపు’ అనే మార్గంలోకి పంపి, ఆ వెనుకనే మరో అక్షరాన్ని పైపులోకి పంపుతుంది. ఈ రెండో అక్షరం ఫైలులో ఎన్నటికీ కనిపించకూడదు. కాని కనిపించింది. ఇది 2022 ఫిబ్రవరి 19 నాటి సంగతి. తొలి ఫిర్యాదు నాటికి దాదాపు పది నెలలు దాటింది.

తీయని చీటీ

ఈ లోపం పనిచేసే విధానాన్ని ఒక పాత కాలపు కచేరీతో పోల్చి చూస్తే సులభంగా బోధపడుతుంది. కచేరీలో భూమి రికార్డులన్నీ ఇనుప బీరువాలో ఉంటాయి. ఎవరైనా అడిగిన ప్రతిసారీ బీరువా తెరవడం ఆలస్యమవుతుంది కనుక తరచుగా అవసరమయ్యే పుటలను గుమాస్తా బల్ల మీద పెట్టుకుంటాడు. వచ్చినవారందరికీ వాటినే చూపుతాడు. కెర్నెల్ చేసేదీ ఇదే. డిస్కులోని ఫైళ్లను 4,096 బైట్ల పుటలుగా జ్ఞాపకశక్తిలో ఉంచుకుని, ఏ ప్రోగ్రాము అడిగినా అక్కడి నుంచే చూపుతుంది. దీనికి పేజీ క్యాష్ అని పేరు.

ఒక బల్ల నుంచి మరో బల్లకు కాగితాలు అందించేందుకు పళ్లేలు ఉన్నాయనుకుందాం. ఆ పళ్లేల వరుసే పైపు. ఎవరైనా తమ సొంత కాగితాన్ని పళ్లెంలో పెడితే, అందులో చోటు మిగిలినంతవరకు ఇంకా రాయవచ్చునని గుమాస్తా ఒక చీటీ అంటిస్తాడు. సొంత కాగితం కనుక తప్పు లేదు. అయితే శ్రమ తగ్గించేందుకు కెర్నెల్ మరో సౌకర్యం కూడా కల్పించింది. బల్ల మీది రికార్డు పుటకు నకలు తీయకుండా, ఆ అసలు పుటనే పళ్లెంలో పెట్టి అవతలికి చూపవచ్చు. ఇలాంటి పుట ఉన్న పళ్లేనికి ‘ఇంకా రాయవచ్చు’ అన్న చీటీ ఉండకూడదు. పళ్లేలు మాత్రం కొత్తవి కావు, ఇంతకుముందు వాడినవే. వెనుకటి చీటీని తీసివేసి కొత్త పుట పెట్టాలి. కెర్నెల్‌లో ఆ తీసివేయడం జరగలేదు. ఫలితంగా రికార్డు పుట ఉన్న పళ్లేనికి పాత చీటీ అలాగే మిగిలిపోయింది. తరువాత వచ్చినవాడు తన రాతను నేరుగా ఆ రికార్డు మీదే రాశాడు.

జర్మనీలో జరిగింది సరిగ్గా ఇదే. జిప్ ప్రోగ్రాము నెల చివరి రోజు ఫైలులోని చివరి 8 బైట్లను వదిలి మిగతా భాగాన్ని పైపు ద్వారా పంపింది. జిప్ పద్ధతికి ఆ 8 బైట్లతో అవసరం లేదు. ఆ వెంటనే పంపిన సూచిక కొత్త పళ్లెంలో పడవలసింది పోయి, అదే పుటలో మిగిలి ఉన్న ఆ 8 బైట్ల మీద పడింది. ఫైలు పొడవు పెరిగే వీలు లేదు కనుక సూచికలో మిగతా భాగం ఫైలుకు ఎక్కలేదు.

పలక తుడవకుండా కొత్త లెక్క వేసిన పిల్లవాడికి పాత అంకెలు కలిసి జవాబు తప్పుతుంది. ప్రపంచపు సర్వర్లను నడిపే కెర్నెల్‌లో జరిగిన తప్పు కూడా ఆ జాతిదే. అయితే ఇది ఒక్కరోజులో ఒక్కరు చేసిన పొరపాటు కాదు. 2016లో వెలువడిన 4.9వ కెర్నెల్‌లో పైపులకు సంబంధించి కొత్త విధానం చేర్చినప్పుడు చీటీని తుడిచే పంక్తి రాయడం విస్మరించారు. అప్పట్లో ఆ చీటీలకు ప్రమాదకరమైన అర్థమేదీ లేదు కనుక విస్మరణ వల్ల హాని కలగలేదు. 2020లో వెలువడిన 5.8వ కెర్నెల్‌లో పైపుల నిర్మాణాన్ని చక్కదిద్దే క్రమంలో ‘ఇంకా రాయవచ్చు’ అన్న సూచన చీటీలకు ఎక్కింది. ఈ మార్పులోనూ దానంతట అది తప్పు లేదు. నాలుగేళ్ల ఎడంతో జరిగిన రెండు మార్పులు కలిసినప్పుడే ప్రమాదం పుట్టింది. చేసిన తప్పు పరీక్షలో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. చేయవలసింది చేయకపోవడం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు.

ముప్పు ఎంతటిది?

చెడిన చిట్టాలు ఖాతాదారుకు చికాకు కలిగించిన మాట నిజమే గాని, ప్రమాదం అక్కడితో ఆగేది కాదు. తనకు చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైలును ఎవరైనా దిద్దగలిగితే, కంప్యూటర్‌లో అనుమతుల వ్యవస్థ అంతా కుప్పకూలినట్టే. లైనక్స్‌లో వినియోగదారుల ఖాతాల వివరాలుండే ఫైలును అందరూ చదవవచ్చు, సర్వాధికారి మాత్రమే దిద్దవచ్చు. దానిలో నాలుగు అక్షరాలు మార్చగలిగినవాడు క్షణాల్లో సర్వాధికారి కాగలడు. ఒకే సర్వరులో వందలాది ఖాతాదారుల వెబ్‌సైట్లు నడిచే చోట, ఒక ఖాతాదారు తక్కిన అందరి సొత్తుకూ యజమాని కాగలడన్నమాట.

లోపానికి కొన్ని హద్దులు లేకపోలేదు. దూరాన ఉన్నవాడు నేరుగా దీనిని వాడుకోలేడు. ముందుగా ఆ యంత్రంలో ఏదో ఒక మామూలు ఖాతా అయినా సంపాదించుకోవాలి. ఫైలు పొడవును పెంచలేడు, పుటలోని మొట్టమొదటి బైటును మార్చలేడు, ఒక పుట అంచు దాటి ఏకధాటిగా రాయలేడు. అయితే ఈ హద్దులేవీ దురాశాపరుడిని నిరాశపరచేంతటివి కావు. మార్చడానికి వీల్లేదని ముద్ర వేసిన ఫైళ్లూ, చదవడానికి మాత్రమే తెరిచిన డిస్కులూ కూడా ఈ లోపం ముందు నిలవలేదు. మరో చిక్కు కూడా ఉంది. మార్పు బల్ల మీది పుటలోనే జరుగుతుంది గాని, దానిని బీరువాలోకి ఎక్కించాలని కెర్నెల్‌కు తెలియదు. యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపితే అసలు ప్రతి యథాతథంగా కనిపించవచ్చు. అంటే దొంగ పని ముగించుకుని వెళ్లాక అడుగుజాడ కూడా మిగలకపోవచ్చు.

మూడు రోజుల మరమ్మతు, పన్నెండు రోజుల మౌనం

లోపం కెర్నెల్‌దేనని తేలిన మరునాడే, 2022 ఫిబ్రవరి 20న, కెల్లర్మన్ దాని వివరాలనూ మరమ్మతునూ లైనక్స్ కెర్నెల్ భద్రతా బృందానికి పంపారు. 21న గూగుల్ తయారీ పిక్సెల్ 6 ఫోనులోనూ లోపం ఉన్నట్టు నిర్ధారణ కావడంతో ఆండ్రాయిడ్ భద్రతా బృందానికి కూడా తెలియజేశారు. అదే రోజున టోర్వాల్డ్స్ తదితరుల సూచన మేరకు, భద్రత ఊసెత్తకుండా, మరమ్మతును కెర్నెల్ నిర్మాతల ముందు బహిరంగంగా పెట్టారు. 23న 5.16.11, 5.15.25, 5.10.102 సంఖ్యలతో సవరించిన కెర్నెళ్లు వెలువడ్డాయి. రెండు చోట్ల చెరొక పంక్తి. పళ్లెం మీది చీటీలన్నీ ముందు తుడిచివేయమన్నదే ఆ పంక్తుల సారాంశం. పూర్తి వివరాలు సీవీఈ-2022-0847 అన్న సంఖ్యతో మార్చి 7న ప్రపంచానికి వెల్లడయ్యాయి.

ఫిబ్రవరి 23 నుంచి మార్చి 7 దాకా సాగిన మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ప్రజల ఆస్తికి ముప్పున్న సంగతి తెలిసీ దాచడం తగునా అన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. గోడకు కన్నం ఉందని దండోరా వేస్తే యజమాని కంటె ముందు దొంగ వస్తాడు. కన్నం పూడ్చే వరకు కొద్ది రోజులు గుంభనంగా ఉండడం ఈ రంగంలో అందరూ ఆమోదించిన ఆచారం. అయితే లైనక్స్ బహిరంగంగా తయారయ్యే వస్తువు. మరమ్మతు పంక్తులు అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చూసి అసలు కన్నం ఎక్కడుందో ఊహించగల నేర్పరులకు ఆ పన్నెండు రోజులూ అవకాశమే. ఆ మౌనం సామాన్యుడిని కాపాడాలంటే, అది ముగిసేలోగా మరమ్మతు అతని దాకా రావాలి. రాకపోతే తెలిసినవాడికి ఆయుధం, తెలియనివాడికి అజ్ఞానం మిగులుతాయి.

తూము నుంచి మడి దాకా

కెర్నెల్ నిర్మాతలు విడుదల చేసిన ప్రతి నేరుగా ఎవరి యంత్రంలోకీ వెళ్లదు. సర్వర్ల విషయంలో డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ వంటి పంపిణీదారులు దానిని తమ ప్రతుల్లోకి మలుచుకోవాలి. ఆ తరువాత సర్వరు నిర్వాహకుడు దానిని ఎక్కించి, యంత్రాన్ని ఆపి మళ్లీ నడపాలి. ఫోన్ల దారి ఇంకా పొడవు. కెర్నెల్ నిర్మాతల నుంచి గూగుల్‌కు, అక్కడి నుంచి చిప్పుల తయారీదారుకు, ఆపైన ఫోను తయారీదారుకు, కొన్ని దేశాలలో ఫోను సేవల సంస్థకు, చివరికి వినియోగదారుడికి. ప్రతి మజిలీలోనూ పరీక్షలు, ప్రతి మజిలీలోనూ జాప్యం.

గూగుల్ ఈ సవరణను 2022 ఫిబ్రవరి 24నే ఆండ్రాయిడ్ కెర్నెల్‌లో కలిపింది. అయినా నెలనెలా వెలువడే ఆండ్రాయిడ్ భద్రతా ప్రకటనలో ఇది చోటు చేసుకున్నది మే నెలలో. తూముకు పక్కనే ఉన్న పొలానికే రెండు నెలలకు పైగా పట్టిందంటే శివారు సంగతి చెప్పనక్కరలేదు. ఈ లోగా, ఏప్రిల్‌లోనే, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా ఈ లోపాన్ని దుండగులు వాస్తవంగా వాడుకుంటున్నవాటి జాబితాలో చేర్చింది. తమ యంత్రాలను సరిచేసుకోవలసిందిగా ఫెడరల్ కార్యాలయాలకు గడువు విధించింది.

ఈ ఉదంతంలో ఒక విచిత్రం కూడా ఉంది. లోపం 5.8వ కెర్నెల్‌తో ప్రమాదకరంగా మారింది కనుక, అంతకు ముందరి కెర్నెళ్లతో నడిచే పాత ఫోన్లకు దీని బాధ లేదు. అప్పటికి కొత్తగా వచ్చిన ఖరీదైన ఫోన్లే దీని బారిన పడ్డాయి. పాతదే మేలు అని దీనిని బట్టి తీర్మానిస్తే పొరబడినట్టే. 2016 అక్టోబరులో బయటపడిన ‘డర్టీ కౌ’ అనే లోపం 2007 నాటి కెర్నెల్ నుంచి దాగి ఉన్నది. 2021 జూలైలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు కెర్నెల్‌లోని ఫైల్ సిస్టమ్ విభాగంలోనే మరో లోపాన్ని వెల్లడించారు. 1 గిగాబైటుకు మించిన పొడవుగల ఫోల్డర్ల దారిని సృష్టిస్తే లెక్క తారుమారై సర్వాధికారం చిక్కే ఆ లోపం 2014 నుంచి ఉన్నది. అటువంటి పాత లోపాలు బయటపడినప్పుడు తయారీదారు చేతులు దులుపుకున్న ఫోనుకు మరమ్మతు ఆలస్యంగానైనా రాదు. డర్టీ పైప్ నుంచి పాత ఫోన్లు తప్పించుకోవడం వాటి భద్రత కాదు, అదృష్టం మాత్రమే.

వేల కళ్ల మాట

మూలం అందరికీ తెరిచి ఉంటే వేల కళ్లు చూస్తాయి కనుక తప్పులు దాగవన్నది లైనక్స్ అభిమానుల వాదం. ఈ ఉదంతం ఆ వాదాన్ని కొంత నిలబెడుతుంది, కొంత పడగొడుతుంది. 2016లో విస్మరించిన పంక్తి 2022 దాకా ఎవరికీ కనిపించలేదు. తెరిచిన పుస్తకాన్ని అందరూ చదవగలరన్నది నిజమే గాని, అందరూ చదువుతారన్న హామీ లేదు. అయితే కారణం అన్వేషించే మనిషి పుట్టిన క్షణం నుంచి ఆ తెరిచిన పుస్తకమే ఆయనకు ఆధారమైంది. ఒక సేవాసంస్థ ఉద్యోగి, కెర్నెల్ యజమాని ఎవరి అనుమతీ అడగకుండా, మూలాన్ని తిరగేసి తప్పు ఏ పంక్తిలో ఉందో, ఏ సంవత్సరంలో దూరిందో తేల్చి, మందు కూడా తానే రాసి పంపగలిగాడు. మూలం మూసి ఉంచిన వ్యవస్థలో అయితే ఆయన చేయగలిగింది మరో ఫిర్యాదు పంపి ఎదురుచూడడమే.

నిర్మాతలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2022 డిసెంబరులో వెలువడిన 6.1వ కెర్నెల్‌తో రస్ట్ భాషకు లైనక్స్‌లో తొలిసారి చోటు దక్కింది. తుడవని పలక మీద రాసేందుకు ఆ భాష సాధారణంగా అంగీకరించదు. కాని కెర్నెల్‌లో అత్యధిక భాగం ఇప్పటికీ సీ భాషలోనే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ బృందమే తన లోపాలకు సీవీఈ సంఖ్యలు కేటాయిస్తున్నది. పారదర్శకతకు ఇది మంచిదే. లోపాల జాబితా పొడవు పెరగడంతో ఏది తక్షణం సరిచేయాలో ఎంచుకోవలసిన భారం మాత్రం కింది మజిలీల మీద పడింది.

ఎవరి బాధ్యత ఎంత?

మరమ్మతు చివరి వినియోగదారుడి దాకా చేరడం తయారీదారు దయాధర్మం మీద ఆధారపడకూడదన్న గుర్తింపు ఇప్పుడిప్పుడే చట్టాల రూపం దాలుస్తున్నది. 2024 డిసెంబరు 10న అమలులోకి వచ్చిన ఐరోపా సమాఖ్య సైబర్ రెజిలియన్స్ చట్టం, డిజిటల్ వస్తువులు అమ్మేవారు సాధారణంగా కనీసం 5 ఏళ్లపాటు భద్రతా మరమ్మతులు అందించాలని శాసిస్తున్నది. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తించేటట్టు నిర్దేశించారు. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో 7 ఏళ్ల మరమ్మతుల హామీ ఇచ్చాయి. ధర తగ్గేకొద్దీ ఈ హామీ కాలం సాధారణంగా తగ్గుతుంది. అంటే తక్కువ ధర ఫోనును ఎక్కువ కాలం వాడుకునే పేదవాడికి ఇవతల తక్కువ రక్షణ, అవతల ఎక్కువ అవసరం.

మన దేశంలో లోపాల గురించి హెచ్చరికలు జారీ చేసే బాధ్యత 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ సంస్థది. సీ-డాక్ రూపొందించిన బాస్ లైనక్స్ ప్రభుత్వ కార్యాలయాల కోసం ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్లుగా లైనక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి. కెర్నెల్ ఉచితం కనుక ప్రభుత్వ కొనుగోళ్లలో దానికి ప్రాధాన్యం లభించడం సంతోషకరం. అయితే వస్తువు ఉచితమైనంత మాత్రాన దాని పోషణ ఉచితం కాదు. పాఠశాలకు పది కంప్యూటర్లు కొనే ప్రకటనలో ప్రాసెసరు వేగం, డిస్కు పరిమాణం రాస్తారు. ఎన్నేళ్లపాటు మరమ్మతులు అందుతాయో, వాటిని ఎక్కించే మనిషి ఎవరో రాయకపోతే మూడో ఏటికి ఆ గది తలుపు తీసిన ఇల్లే అవుతుంది. సాంకేతిక హెచ్చరికలు సాధారణంగా ఇంగ్లీషులో, నిపుణులకు మాత్రమే బోధపడే రీతిలో వెలువడతాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదివిన సరిహద్దు ప్రాంతాల కుటుంబాలకు ఆ హెచ్చరిక పేరుకే హెచ్చరిక. తెలిసిన భాషలో, తెలిసిన మాటల్లో చెప్పడం కూడా కాలువ పూడిక తీయడం వంటి పనే.

వినియోగదారుడి వంతు కూడా కొంత ఉంది. ఫోను తెర మీద కనిపించే ‘అప్‌డేట్’ సందేశాన్ని రేపటికి వాయిదా వేయడం చాలామందికి అలవాటు. డేటా ఖర్చవుతుందనీ, ఫోను నెమ్మదిస్తుందనీ భయం. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. కాని శివారు దాకా వచ్చిన నీటిని గట్టు తెగ్గొట్టి మడిలోకి మళ్లించుకోవలసినది రైతే. ఫోను కొనేటప్పుడు కెమెరా గురించి అడిగినట్టే, ఎన్నేళ్లు మరమ్మతులు వస్తాయని అడగడం నేర్చుకోవాలి. అడిగేవారు పెరిగితే అంగడివాడు తయారీదారుని అడుగుతాడు.

డర్టీ పైప్ కథలో దుండగుడి కంటె ముందు లోపాన్ని పట్టించినది చెడిన ఫైలు గురించి విసుగు చెందకుండా రాసిన ఖాతాదారు, ఆ ఫిర్యాదును చిన్నదని కొట్టిపారేయని ఉద్యోగి. మొదటిసారి చేత్తో సరిదిద్ది వదిలేసిన తప్పే మూడోసారి వచ్చినప్పుడు దాని మూలం దాకా వెళ్లడం ఆయన చేసిన ఘనకార్యం. పై మజిలీల్లో చూపిన ఆ పట్టుదలే కింది మజిలీల్లోనూ అవసరం. కెర్నెల్‌లో రెండు పంక్తులు 2022 ఫిబ్రవరి 23ననే చేరాయి. ఒక్కొక్క యంత్రం విషయంలో మాత్రం అవి దానిలోకి చేరిన రోజే మరమ్మతు జరిగిన రోజు.